వాల్యూలెస్ అని రాసి పరువు పోగొట్టుకున్నా. ఈ అన్, ఇన్, డిస్, నాన్ గోల ఏంటో ఎవరైనా చెప్పండి

కరివేపాకు_91:
అందరికీ నమస్కారం. హైదరాబాదులో పదకొండేళ్లుగా ఉద్యోగం, రోజూ మెయిళ్లన్నీ ఇంగ్లీషులోనే రాస్తాను, అయినా మొన్న శుక్రవారం జరిగినదానికి ఇంకా ఆఫీసులో తలెత్తుకోలేకపోతున్నా. మా పెద్ద మేనేజరు గారు రిటైరవుతున్నారు. నాకు పని నేర్పింది ఆయనే. అందరూ తలా ఒక లైను రాస్తుంటే నేను కాస్త కొత్తగా రాద్దామని 'థాంక్యూ ఫర్ యువర్ వాల్యూలెస్ గైడెన్స్' అని కొట్టి రిప్లై ఆల్ చేశాను. నా లెక్క ఏంటంటే ప్రైస్‌లెస్ అంటే వెల కట్టలేనంత గొప్పది కదా, వాల్యూలెస్ కూడా అలాంటిదే అయి ఉంటుందని. పది నిమిషాల్లో పక్క సీటు అమ్మాయి కుర్చీ జరుపుకుంటూ వచ్చి 'మీకూ సార్‌కీ ఏమైనా గొడవైందా' అని మెల్లగా అడిగింది. అప్పుడు డిక్షనరీ తీశా. ఎందుకూ పనికిరాని అని ఉంది. ఆ మెయిల్ ఫ్లోర్ మొత్తానికి వెళ్లిపోయింది.

నా డౌటు ఇది. ప్రైస్‌లెస్ గొప్పదైతే వాల్యూలెస్ ఎందుకు చెత్త అయింది? ఇన్ అంటే 'కాదు' అని చిన్నప్పుడు చెప్పారు, మరి ఇన్‌వాల్యుబుల్ అంటే విలువైనది కాదు అని రావాలి కదా, ఇంకా ఎక్కువ విలువైనది అంటారేంటి?

ఇంగ్లీషు_పోతే_పోనీ:
హహహ. శుభ్రంగా తెలుగులో 'మీ అమూల్యమైన సలహాలకు ధన్యవాదాలు' అని పెట్టి ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు.

అవధానం_ఆశ:
పైనాయన ఎగతాళిగా అన్నా, జవాబు అందులోనే ఉంది. కరివేపాకు తమ్ముడూ, అమూల్యం అనే మాటని విడదీసి చూడు. మూల్యం అంటే వెల, ముందు అ పెట్టాం. లెక్కప్రకారం 'వెల లేనిది' అవ్వాలి, అంటే గవ్వకి కొరగానిది. మరి అలా ఎవరం అనుకోం కదా! ఇక్కడ 'అ' కాదంటున్నది వెలని కాదు, వెల కట్టడాన్ని. ఇన్‌వాల్యుబుల్ కూడా అచ్చంగా అంతే. వాల్యుబుల్‌కి పాత అర్థం ఒకటుంది, విలువ కట్టదగినది అని. దానికి ఇన్ తగిలిస్తే విలువ కట్టడం కుదరనిది. ప్రైస్‌లెస్ కూడా ఆ దారిలోనే వెళ్లింది. వాల్యూలెస్ మాత్రం నేరుగా 'విలువ లేదు' అనే దగ్గరే ఆగిపోయింది. ఒక మాట ఎక్కడ ఆగుతుందో ముందుగా చెప్పే సూత్రం లేదు, వాడుకే చెప్పాలి.

మన దగ్గరా అంతే. 'అసాధ్యం' అంటే కుదరని పని. 'ఆవిడ అసాధ్యురాలమ్మా' అంటే ఏ పనైనా కుదిర్చేసే మనిషి! ఒకే అ.

కరివేపాకు_91:
ఆశ గారూ, ఇది నాకు అసలు తట్టనే లేదండి. అమూల్యం అని ఎన్ని పెళ్లి శుభలేఖల్లో రాయించానో.

చాక్‌పీసు_మాస్టారు:
ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

అన్ అనేది ఇంగ్లీషు వాళ్ల సొంత సరుకు. ఇన్ లాటిన్ నుంచి వచ్చింది. ఎ అనేది గ్రీకు. ఈ మూడూ, మన సంస్కృతం 'అ'తో కలిపి నాలుగూ, ఒకే పాత మూలం నుంచి వచ్చిన దాయాదులు. నేను ఊరికే అంటున్నది కాదు, వాటి నడక చూడండి. సంస్కృతంలో హల్లు ముందు అ వస్తుంది: అన్యాయం, అధర్మం. అచ్చు ముందు అన్ అవుతుంది: అనారోగ్యం, అనర్హత, అనావృష్టి. గ్రీకులోనూ సరిగ్గా అదే పద్ధతి, అందుకే ఎసిమ్టమాటిక్ కానీ అచ్చు ముందు అనార్కీ, అనీమియా. పిల్లలకి ఇది చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వినేవాళ్లు.

లాటిన్ ఇన్ మాత్రం పక్కనున్న అక్షరాన్ని బట్టి రంగు మారుస్తుంది. ప, బ, మ ముందు ఇమ్ అవుతుంది: ఇంపాజిబుల్, ఇంబాలెన్స్, ఇమ్మోరల్. ల ముందు ఇల్లీగల్, ర ముందు ఇర్రెగ్యులర్. సత్ + జనుడు సజ్జనుడు అయినట్టే, నాలుక సుఖం కోసం. అన్ మొండిది, దేనికీ లొంగదు: అన్‌లిమిటెడ్, అన్‌రియల్, అన్‌పెయిడ్. ఎదురుగా ల ఉన్నా ర ఉన్నా మారదు.

ఆరోతరగతి_అమ్మ:
మాస్టారూ, నమస్తే అండి. మా పాప రెండు రోజులుగా నా ప్రాణం తీస్తోంది. అన్‌ఏబుల్ అంటాం, కానీ నామవాచకం ఇన్‌ఎబిలిటీ. అన్‌ఈక్వల్, కానీ ఇన్‌ఈక్వాలిటీ. అన్‌జస్ట్, కానీ ఇన్‌జస్టిస్. అన్‌స్టేబుల్, ఇన్‌స్టెబిలిటీ. 'అమ్మా, మధ్యలో ఎవరు మార్చారు' అంటోంది. నాకు తెలియక 'అలాగే ఉంటుంది, రాసుకో' అని కసిరాను. తర్వాత బాధనిపించింది.

చాక్‌పీసు_మాస్టారు:
కసరకండి అమ్మా, మంచి ప్రశ్న. ఇన్‌జస్టిస్, ఇన్‌ఈక్వాలిటీ లాంటి నామవాచకాలు ఫ్రెంచి, లాటిన్‌ల నుంచి ఇన్ తోనే తయారై దిగుమతి అయ్యాయి. విశేషణానికేమో ఇంగ్లీషు వాళ్లు తమ ఇంటి అన్ తగిలించుకున్నారు. కొన్నాళ్లు రెండు రకాలూ నడిచి, చివరికి ఇలా పంచుకున్నారు. అయితే ఇది సూత్రం అనుకుని అన్నిటికీ పెట్టించొద్దు. అన్‌సర్టన్‌కి నామవాచకం అన్‌సర్టెన్టీయే. పాపకి చెప్పండి, అడిగినందుకు మాస్టారు మెచ్చుకున్నారని.

లారీ_సీటు:
నాది డిగ్రీ తప్పిన చదువు, కానీ ఈ విషయంలో ఒకటి చెప్పగలను. ఎనిమిదేళ్లు పెట్రోలు ట్యాంకరు నడిపాను. వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఎర్ర అక్షరాలు, పక్కన పలక మీద 1203 నంబరు, అంటే పెట్రోలు. ఒకసారి విజయవాడ దాటాక ధాబా దగ్గర ఆపితే కాలేజీ కుర్రాడొకడు ట్యాంకరుకి ఆనుకుని సిగరెట్ తీశాడు. చెయ్యి పట్టుకుని లాగితే వాడు నాకు పాఠం చెప్పాడు, 'ఇన్ ఉంది కదన్నా, అంటుకోదనేగా' అని. వాడు ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తెలీదు, నాకైతే ఆ పూట అన్నం సయించలేదు.

డాలస్_బావమరిది:
అన్నా, ఆ కుర్రాడి పొరపాటుకి భయపడే అమెరికాలో మాట మార్చారు. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్న ఇన్ 'కాదు' అనే ఇన్ కాదు, 'లోపలికి' అనే ఇంకో లాటిన్ ఇన్. ఇన్‌ఫ్లేమ్, అంటే మంట పెట్టు, దాని నుంచి వచ్చింది. 1920ల్లో ఇక్కడి అగ్నిప్రమాద నివారణ సంఘం వాళ్లు జనం తప్పుగా చదువుతారని ఫ్లేమబుల్ వాడమని పట్టుబట్టారు. ఇప్పుడు ఇక్కడ డబ్బాల మీద అదే కనిపిస్తుంది. అంటుకోనిదానికి నాన్‌ఫ్లేమబుల్. మన దగ్గర ఇంకా ఇన్‌ఫ్లేమబులే రాస్తున్నారా?

లారీ_సీటు:
నేను నడిపినన్నాళ్లూ అదే ఉంది. పుర్రె బొమ్మ వేస్తే చదువురానివాడికీ తెలుస్తుంది, ఇంగ్లీషు వచ్చినవాడికే డేంజరు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
నేను నర్సుని. మా దగ్గర రోజూ ఇదే తంతు. స్కాన్ రిపోర్టులో 'లివర్: అన్‌రిమార్కబుల్' అని వస్తుంది. పోయిన నెల ఒకబ్బాయి రిపోర్టు పట్టుకుని, కళ్లల్లో నీళ్లు, 'సిస్టర్, మా నాన్న లివర్ ఇంక పనికిరాదా' అని. ఫోన్లో వెతికితే రిమార్కబుల్ అంటే అద్భుతమైన అని వచ్చిందంట, అన్ ఉంది కాబట్టి దారుణం అనుకున్నాడు. నాయనా, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదని దానర్థం, అంటే బాగుంది అని చెప్పేసరికి అక్కడే బెంచీ మీద కూలబడి నవ్వాడు.

నాన్ రియాక్టివ్ కూడా అంతే. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ నాన్ రియాక్టివ్ అని వస్తే అది మంచి వార్త, కానీ 'మందులకి రియాక్ట్ అవ్వట్లేదా' అని అడుగుతారు. మాస్టారు చెప్పిన అనీమియాకి అచ్చంగా అర్థం రక్తం లేకపోవడమేనట, మా వార్డులో పెద్దావిడలు కూడా 'ఒంట్లో రక్తం లేదన్నారమ్మా' అనే అంటారు. పూర్తిగా లేకపోతే మనిషే ఉండదు కదా! తక్కువ ఉందని చెప్పడానికి లేదనేయడం గ్రీకు వాళ్లకీ మనకీ ఒకటే అలవాటు.

ప్లీడరు_గుమస్తా:
మా వైపు నుంచి ఒకటి. టీవీలో 'నాన్ బెయిలబుల్ కేసు పెట్టారు' అని స్క్రోలింగ్ రాగానే ఇంటిల్లిపాదీ ఏడుపు, ఇంక బెయిలే రాదని. తప్పు. బెయిలబుల్ నేరమైతే బెయిలు నిందితుడి హక్కు, స్టేషన్లోనే ఇచ్చి తీరాలి. నాన్ బెయిలబుల్ అంటే హక్కుగా రాదు, కోర్టు విచక్షణ మీద ఉంటుంది, అడగాలి, వాదించాలి, చాలాసార్లు వస్తుంది కూడా. 2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి కొత్త చట్టం వచ్చినా ఈ తేడా అలాగే ఉంది. ఆ నాన్ కాదంటున్నది బెయిలుని కాదు, హక్కుని.

ఇంకొకటి డిస్‌ఇంట్రెస్టెడ్. కోర్టులో డిస్‌ఇంట్రెస్టెడ్ విట్‌నెస్ అంటే బంగారం. ఆవలిస్తూ కూర్చున్న సాక్షి కాదు, కేసు ఎటు పోయినా తనకి లాభనష్టాలు లేని సాక్షి. ఆవలించేవాడు అన్‌ఇంట్రెస్టెడ్. జడ్జి డిస్‌ఇంట్రెస్టెడ్‌గా ఉండాలి, అన్‌ఇంట్రెస్టెడ్‌గా ఉంటే మన కొంప మునిగినట్టే.

డాలస్_బావమరిది:
గుమస్తా గారూ, ఒప్పుకుంటా గానీ, ఇక్కడ మాట్లాడేటప్పుడు సగం మంది డిస్‌ఇంట్రెస్టెడ్‌ని ఆసక్తి లేని అనే అర్థంలోనే వాడతారు. అది కొత్త తప్పు కూడా కాదు, 17వ శతాబ్దంలో ఆ మాట మొదట ఆ అర్థంలోనే కనిపిస్తుంది. తర్వాతే నిష్పాక్షికం అనే అర్థం గట్టిపడింది.

ప్లీడరు_గుమస్తా:
మాటల్లో ఎలాగైనా అనండి సార్. అఫిడవిట్‌లో మాత్రం అనొద్దు.

కరివేపాకు_91:
అయితే డిస్ అంటే ఏంటి, అన్ అంటే ఏంటి, నాన్ అంటే ఏంటి? మూడూ 'కాదు' అయితే మూడెందుకు?

అవధానం_ఆశ:
దీనికి ఇంగ్లీషు పుస్తకం తెరవక్కర్లేదు తమ్ముడూ. 'ఇంట్లో డాక్టరు లేడు', 'ఆయన డాక్టరు కాడు'. ఈ రెండూ ఒకటేనా? ఇంగ్లీషులో రెండిటికీ నాట్ ఒక్కటే. మనకి లేదు వేరు, కాదు వేరు, వద్దు వేరు, కూడదు వేరు, చాలదు ఇంకా వేరు. మనం మాట చివర చేసే పనిలో కొంత ఇంగ్లీషు వాళ్లు మాట ముందు చేస్తున్నారు, అంతే. నాన్ అంటే దాదాపుగా మన 'కాని': శాకాహారం కానిది నాన్ వెజ్, ఏసీ కానిది నాన్ ఏసీ. అందులో తిట్టూ లేదు పొగడ్తా లేదు, ఏ అరలో పెట్టాలో చెబుతుంది. లెస్ అంటే 'లేని'. మిస్ అంటే తప్పుగా: మిస్‌యూజ్. డిస్ అంటే ఎక్కువసార్లు ఉన్నదాన్ని ఊడదీయడం, లేదా ఎదురు తిరగడం: డిస్‌కనెక్ట్, డిస్‌ఒబే.

అన్ దగ్గరే తీర్పు ఉంటుంది. నాన్ ప్రొఫెషనల్ అంటే వృత్తిగా చేయనివాడు, అందులో తప్పేం లేదు. అన్‌ప్రొఫెషనల్ అంటే వృత్తికి తగని ప్రవర్తన. నాన్ ఇండియన్ పాస్‌పోర్టు సంగతి, అన్‌ఇండియన్ అనేది తిట్టు.

ముల్కీ_మనవడు:
ఆశ గారూ, నాన్‌లో తిట్టు లేదు అన్నారు చూశారా, దాంతో ఒప్పుకోను. 1952లో హైదరాబాదు వీధుల్లో 'నాన్ ముల్కీ గో బ్యాక్', అంటే స్థానికులు కానివాళ్లు వెళ్లిపోండి అని అరిచినప్పుడు అది ఏ అరలో పెట్టాలో చెప్పే మాటగా ఎవరికీ వినపడలేదు. మా తాత ఆ కథలు చెప్పేవాడు. అక్కడి నుంచి నాన్ లోకల్ దాకా చూడండి, కాగితం మీద వర్గీకరణే, ఉద్యోగం రానివాడి చెవిలో మాత్రం వేరేలా పడుతుంది. ఒక మనుషుల గుంపుని 'ఫలానా కానివాళ్లు' అని పిలిచాక ఆ మాట తటస్థంగా ఎన్నాళ్లుంటుంది?

అవధానం_ఆశ:
నిజమేనండి. వస్తువులకి చెప్పినంత తేలిగ్గా మనుషులకి చెప్పేశాను. దిద్దుకుంటున్నా.

ఇంగ్లీషు_పోతే_పోనీ:
నాన్ అంటే గుర్తొచ్చింది. ఢిల్లీలో పనిచేసే మా అల్లుడితో 'మీ మామయ్య ఎన్జీవో లీడరు' అని మా ఆవిడ గొప్పగా చెబితే, వాడు 'ఏ సేవా సంస్థ మామయ్యా, విరాళాలు ఎక్కడినుంచి వస్తాయి' అని అడిగాడు. నేను నాన్ గెజిటెడ్ ఆఫీసర్ని రా నాయనా! మన రెండు రాష్ట్రాల్లో ఎన్జీవో అంటే సర్కారు ఉద్యోగి, బయట ఎన్జీవో అంటే సర్కారు కాని సంస్థ. అక్షరాలూ అవే, నాన్ కూడా అదే, మనిషి మాత్రం గోడకి ఈవలొకడు, ఆవలొకడు.

చాక్‌పీసు_మాస్టారు:
హహ, బాగుంది సార్. ఎన్జీవో హోమ్‌లో ఎన్నో మీటింగులకి వెళ్లినా నాకెప్పుడూ తట్టలేదు.

ఈ కోవలోదే ఇంకోటి, అన్‌ఆర్గనైజ్డ్, డిస్‌ఆర్గనైజ్డ్. మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, చిన్న బండ్ల వాళ్లు, వీళ్లది అన్‌ఆర్గనైజ్డ్ సెక్టార్, 2008లో వాళ్ల సామాజిక భద్రతకి చట్టం కూడా ఆ పేరుతోనే వచ్చింది. డిస్‌ఆర్గనైజ్డ్ సెక్టార్ అంటే ఆ పేదవాళ్లని అవమానించినట్టు, క్రమం ఉండి చెడినవాళ్లు అని. మన పత్రికల వాళ్లు దీన్ని చక్కగా పట్టుకున్నారు: ఒకటి అసంఘటితం, ఇంకోటి అస్తవ్యస్తం. అలాగే అన్‌శాటిస్‌ఫైడ్ అంటే ఇంకా తీరనిది, ఆకలి లాంటిది. డిస్‌శాటిస్‌ఫైడ్ అంటే వడ్డించారు, తిన్నాడు, వంట నచ్చలేదు.

లారీ_సీటు:
ఈ వంట ముక్కతో నాకు మొత్తం అర్థమైపోయింది మాస్టారూ.

డాలస్_బావమరిది:
ఇంకో తమాషా. అన్‌లాకబుల్ ఫోన్ అంటే లాక్ చేయడం కుదరని ఫోనా, లాక్ తీయడం కుదిరే ఫోనా? రెండూ! ఎందుకంటే విశేషణం ముందు వచ్చే అన్ వేరు, క్రియ ముందు వచ్చే అన్ వేరు. అన్‌హ్యాపీలో ఉన్నది 'కాదు'. అన్‌టైలో ఉన్నది 'చేసినదాన్ని తిరగదీయి'. వేరే మూలాల నుంచి వచ్చి ఒకే ముఖం పెట్టుకున్నాయి. తెలుగులో ఈ బాధ లేదు, కట్టు అంటే కట్టు, విప్పు అంటే విప్పు.

కరివేపాకు_91:
మరి అన్ తీసేస్తే ఏమీ మిగలనివి? డిస్‌గ్రంటిల్డ్ అంటారు, గ్రంటిల్డ్ ఎవరూ అనరే. అన్‌కెంప్ట్ ఉంది, కెంప్ట్ లేదు.

అవధానం_ఆశ:
కెంప్ట్ అంటే దువ్విన అని పాత మాట. దువ్వెనని కోంబ్ అంటారు కదా, దాని చుట్టమే. అసలు మాట పోయి అన్ ఉన్నది మిగిలింది. గ్రంటిల్ అంటే సణగడం, అక్కడ డిస్ కాదనడానికి రాలేదు, 'బాగా' అనడానికి వచ్చింది. అంటే బాగా సణుగుతున్నవాడు.

దీనికి తిరగేసి జరిగిన కథ మన దగ్గర ఉంది, నాకు చాలా ఇష్టం. ఋగ్వేదంలో అసుర అనేది గౌరవంగా వాడిన మాట, వరుణుణ్ని కూడా అసుర అన్నారు. అందులో 'అ' కాదనే అ కాదు. తర్వాత్తర్వాత అసుర అంటే రాక్షసుడు అనే అర్థం స్థిరపడ్డాక, ముందున్న అ చూసి, అయితే సురుడు అంటే దేవుడన్నమాట అని మొదటి అక్షరం కోసేసి కొత్త మాట పుట్టించారు. విధవ కూడా అలాగే. అది ఇంగ్లీషు విడోకి చుట్టం, మాట మొత్తం ఒకటే ముక్క. వి అంటే లేని అనుకుని, మిగిలిన ధవ అంటే భర్త అని తేల్చారు. ఆ ధాబా కుర్రాడు ఇన్‌ఫ్లేమబుల్‌ని కోసినట్టే మన పెద్దవాళ్లూ కోశారు, కాకపోతే వాళ్లు కోసింది నిఘంటువుల్లోకి ఎక్కింది.

ముల్కీ_మనవడు:
అంటే సురులు తప్పు సంధి విడదీతలో పుట్టారా! ఇది మా తెలుగు సార్‌కి ఫార్వర్డ్ చేస్తున్నా, ఏమంటారో చూడాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
ఫార్వర్డ్ అంటే గుర్తొచ్చింది. మిస్‌ఇన్ఫర్మేషన్, డిస్‌ఇన్ఫర్మేషన్ తేడా మా ట్రైనింగులో చెప్పారు. మా అత్తగారు నిమ్మరసంతో అన్నీ తగ్గుతాయని నమ్మి గ్రూపులో పెడితే మిస్. అబద్ధమని తెలిసీ కావాలని తయారు చేసినవాడిది డిస్. అత్తగారికి ఇలా చెబితే 'అయితే నాది మిస్సే కదా, ఫర్లేదు' అని ఇంకో రెండు పెట్టారు.

కరివేపాకు_91:
అప్‌డేట్. నిన్న ధైర్యం చేసి సార్ దగ్గరికి వెళ్లాను. ఆశ గారు చెప్పిన అమూల్యం సంగతంతా చెప్పి, నేను తెలుగులో సరిగ్గానే అనుకున్నాను సార్, ఇంగ్లీషులో తప్పింది అన్నా. ఆయన మెయిల్ అప్పటికే ప్రింట్ తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. 'ముప్పై ఏళ్లలో నా గైడెన్స్ గురించి నిజం రాసింది నువ్వొక్కడివే, మిగతా అందరూ ఇన్‌వాల్యుబుల్ అని కాపీ పేస్ట్ చేశారు' అని నవ్వారు. టీ తాగించి పంపారు. కానీ పక్క సీటు అమ్మాయి ఇప్పటికీ నన్ను వాల్యూలెస్ గారూ అనే పిలుస్తోంది.

ఆరోతరగతి_అమ్మ:
మీ గొడవ తీరినందుకు సంతోషం అండి, నాది మొదలైంది. మాస్టారూ, ఇవాళ పాప పరీక్ష పేపరు ఇచ్చారు. డిస్ చేర్చి వ్యతిరేక పదాలు రాయమన్నారు. ఈజ్ అనేది ఆ లిస్టులో లేకపోయినా ఇది సొంతంగా చేర్చి, ఈజ్‌కి డిసీజ్ అని రాసింది. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టారు. నేనూ కోప్పడబోయి, మొన్న మీరన్న మాట గుర్తొచ్చి ఆగాను.

చాక్‌పీసు_మాస్టారు:
ఆగి మంచి పని చేశారమ్మా. పాప రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. డిస్, ఈజ్ కలిసే డిసీజ్ అయింది, పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, మొదట్లో ఒంటికి సుఖం లేకపోవడం అనే అర్థం. జబ్బు అనేది తర్వాత స్థిరపడింది. ఇవాళ ఈజ్‌కి వ్యతిరేకం డిసీజ్ అని ఎవరూ వాడరు కాబట్టి మార్కు రాకపోవడమూ సబబే. టీచరుతో గొడవ పడొద్దు. ఆ పేపరు మాత్రం పారేయకండి.

ఆరోతరగతి_అమ్మ:
పాపకి చదివి వినిపించాను. 'సుఖం లేకపోవడమే జబ్బయితే, రేపు నాకు లెక్కల పీరియడ్లో డిసీజ్ ఉంటుంది, లీవ్ లెటర్ రాయి' అంటోంది.